నిటారు కంకి

బహుళ వాతావరణ ధాన్య ప్రగతి సంస్థ గేటు దాటి కుడివైపు తిరిగితే కరువు వస్తుంది. ఎడమవైపు తిరిగితే వరద. కరువుకీ వరదకీ మధ్యన క్యాంటీను. క్యాంటీను వెనక చౌడు నేల, దాని పక్కన మెట్ట, ఆ పక్కన రేకుల షెడ్డులో చలి. చలి పుట్టించే యంత్రం కొన్న ఏడాదే పాడైపోయింది కాబట్టి ప్రస్తుతానికి ఆ షెడ్డులో రెండు టేబుల్ ఫ్యాన్లు తిరుగుతుంటాయి. ఆరోది మామూలు నేల. మామూలు నేలలో వరి పండించడం పరిశోధన కిందికి రాదని ఎప్పుడో తీర్మానం జరిగింది. అందుకని అక్కడ అధికారుల కార్లు పెడతారు.

గేటు మీది కమానులో సంస్థ ఆశయం చెక్కి ఉంటుంది: ఏ నేలకు తగిన ధాన్యం ఆ నేలకు, మెరుగైన దిగుబడి ప్రతి రైతుకు. ఆశయం బాగానే ఉంది, ఎవరూ కాదనరు. అయితే దానికి తోడుగా నిబంధన కూడా ఒకటుంది. అది కమాను మీద ఉండదు, డైరెక్టర్ గారి గదిలో ఉంటుంది. కొత్త రకం ఏదైనా రైతుల చేతికి వెళ్ళాలంటే అది ఆరు వాతావరణాల్లోనూ ఒకేలా పండి తీరాలి. ఒకచోట ఎక్కువ, ఒకచోట తక్కువ పండితే ఆ తేడాను రకం తాలూకు లోపంగా పరిగణిస్తారు. ఆరో వాతావరణంలో కార్లుంటాయి గనక అక్కడి దిగుబడిని ఒక అంచనా ప్రకారం వేసుకునేవారు. ఈ నిబంధన పుణ్యమా అని సంస్థ పుట్టిన దగ్గర్నుంచీ ఒక్క రకం కూడా గేటు దాటలేదు. మా ప్రమాణాలు ఎంత ఉన్నతమైనవో దీన్నిబట్టే తెలుస్తోంది కదా అని డైరెక్టర్ పరంధామరావు గారు వచ్చినవాళ్ళందరికీ చెప్పుకునేవారు.

డాక్టర్ సత్యవేణి చౌడు మడి మనిషి. సంస్థలో చేరిన నాటి నుంచి ఉప్పుని తట్టుకునే వరి కోసం ఆ మడిలోనే ఎండకి ఎండి వానకి తడిసింది. వందల రకాలు చచ్చిపోగా ఒకటి బతికింది. అది వరసలో నలభైఒకటో సాలులో ఉండేది కాబట్టి దాని పేరు కూడా నలభైఒకటే అయిపోయింది. ఉప్పు పేరుకుని తెల్లగా మెరిసే నేలలో కూడా నలభైఒకటి పచ్చగా లేచి, కంకి తీసి, గింజ నిండా పట్టి, బరువుకి నేల వైపు వంగేది. అది వంగిన రోజున సత్యవేణి గట్టు మీద కూర్చుని తనలో తనే నవ్వుకుంది. ఎవరైనా చూస్తే ఏమనుకుంటారో అని కూడా ఆలోచించలేదు.

ఆ మడిలో కలుపు తీసే పల్లాలమ్మది చినమొగ. సముద్రం పోటు మీదున్నప్పుడల్లా ఉప్పునీరు కాలవెక్కి ఆ ఊరి చేలల్లోకి వస్తుంది. ఊడ్చిన నారు ఎర్రబడి మాడిపోతుంది. సొంతానికి మూడెకరాలున్న మనిషి కూలికి వచ్చేది అందుకే. వచ్చినప్పుడల్లా నలభైఒకటిని సొంత బిడ్డని చూసుకున్నట్టు చూసుకుని, అదే మాట అడిగేది.

"మేడంగారూ, ఇది మా ఊరెప్పుడొత్తాదండి?"

"వస్తుంది పల్లాలమ్మా. కమిటీలో పెట్టాను."

కమిటీలో పెట్టింది కూడా. పరంధామరావు గారు అధ్యక్షత వహించారు.

"చౌడులో ఎకరానికి ఇరవై రెండు బస్తాలు, మెట్టలో నాలుగు. ఏమిటమ్మా ఈ వ్యత్యాసం?" అన్నారాయన.

"సార్, ఇది చౌడు నేల కోసమే పెంచిన రకం. మెట్టలో పండకపోయినా నష్టం లేదు. చౌడులో ఇప్పుడు ఏదీ పండటం లేదు."

"ఒక నేల పట్ల పక్షపాతం వహించే రకాన్ని ప్రభుత్వ సంస్థ ఎలా విడుదల చేస్తుంది? రేపు మెట్ట రైతు వచ్చి మేమేం పాపం చేశామని అడిగితే నేనేం సమాధానం చెప్పాలి? ముందు దీని పక్షపాత వైఖరిని నిర్మూలించండి. అప్పుడు సానుకూల దృక్పథంతో పరిశీలిస్తాం."

సత్యవేణికి ఒళ్ళు మండిపోయింది. కానీ కమిటీలో ఒళ్ళు మండినవాళ్ళకి ప్రత్యేకంగా ఏ ఏర్పాటూ లేదు. మళ్ళీ మడిలోకి వెళ్ళింది. నలభైఒకటి ఇంకా పూర్తిగా నిలకడకి రాలేదు. ఒక మొక్క నిండుగా పండితే పక్క మొక్క సగం తాలు పోయేది. ఏటా నిండు కంకులు ఏరి, వాటి గింజలే మళ్ళీ నాటాలి. అలా ఇంకొన్ని పంటలు ఏరితే రకం నిలబడుతుంది. ఆ గింజలు ప్రపంచంలో ఇంకెక్కడా లేవు. ఆ ఒక్క మడిలోనే ఉన్నాయి.

సరిగ్గా అప్పుడే పూలగుత్తుల మీద నిషేధం వచ్చింది.

పైనుంచి వచ్చిన ఉత్తర్వు న్యాయమైనదే. అధికారులకి ఇచ్చే పూలగుత్తులు వృథా ఖర్చు, వాటికి చుట్టే ప్లాస్టిక్ కాగితం పర్యావరణానికి హాని, కాబట్టి మానెయ్యండి అన్నారు. ఇంకొకరైతే మానేసి ఊరుకునేవారు. పరంధామరావు గారు ఊరుకునే మనిషి కాదు. సిబ్బందిని సమావేశపరిచారు.

"అతిథి సత్కారం మన సంస్కృతి. దాన్ని విడనాడలేం. ఏ సంస్థ ఏది ఉత్పత్తి చేస్తుందో దానితోనే అతిథిని గౌరవించడం సముచితం. నేటి నుంచి మన సంస్థకు విచ్చేసే ప్రముఖులకు కంకుల గుత్తి సమర్పించబడుతుంది."

అందరూ చప్పట్లు కొట్టారు. సత్యవేణి కూడా కొట్టింది. కంకులు ఎవరి మడిలోంచి కోస్తారన్న ఆలోచన ఆమెకి ఆ క్షణాన తట్టలేదు.

మర్నాడు పొద్దున్న చౌడు మడికి వెళ్ళేసరికి ముందు సాళ్ళు బోడిగా ఉన్నాయి. నిండు కంకులన్నీ పోయాయి. ఆమె ఏరి పెట్టుకున్నవి, గుర్తుకోసం ఎర్ర దారం కట్టుకున్నవి సహా పోయాయి. అసలు ఆ దారమే కొంప ముంచింది. మంచి కంకులేవో వెతుక్కునే శ్రమ లేకుండా కూలీలు దారం కట్టినవన్నీ వరసగా కోసుకుపోయారు. గుత్తికి కూడా దారం చక్కగా అమరిందని ముందురోజు సాయంత్రం వచ్చి వెళ్ళిన సంయుక్త కార్యదర్శి గారు మెచ్చుకున్నారట.

సత్యవేణి డైరెక్టర్ గారి గదికి పరుగున వెళ్ళింది.

"సార్, అవి వచ్చే పంటకి విత్తనం. పైగా విడుదల కాని రకం గేటు దాటకూడదని మన నిబంధనే ఉంది."

పరంధామరావు గారు కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు. "గేటు దాటకూడనిది విత్తనం తల్లీ. గుత్తిలో ఉన్నది విత్తనం కాదు, గౌరవం. గౌరవం గేటు దాటవచ్చు."

"మరి నా పరిశోధన?"

"మీ పరిశోధన సంయుక్త కార్యదర్శి గారి కరకమలాలను అలంకరించింది. ఇంతకన్నా విస్తరణ కార్యక్రమం ఏముంటుంది?"

కంకుల గుత్తి పేరు మోగిపోయింది. అంత అందమైన గుత్తి జిల్లాలో ఇంకే ఆఫీసులోనూ ఇవ్వరని తెలిసి ప్రముఖుల తాకిడి పెరిగింది. వ్యవసాయ శాఖ వారు సరే, దేవాదాయ శాఖ వారు వచ్చారు. రోడ్లు భవనాల వారు కుటుంబ సమేతంగా వచ్చారు. బాయిలర్ల తనిఖీ అధికారి ఒకాయన కూడా వచ్చాడు. సంస్థలో బాయిలరు లేదండీ అంటే, ఆ లేకపోవడాన్ని స్వయంగా ధ్రువీకరించాలి కదా అన్నాడు. అందరూ గుత్తులు పట్టుకుని ఫోటోలు దిగారు. దిగినవాళ్ళని చూసి దిగనివాళ్ళు బయల్దేరారు.

గుత్తికి కంకి ఎప్పుడూ సత్యవేణి మడిలోంచే వెళ్ళేది. ఎందుకంటే మిగతా మడుల్లో చూపించుకోదగ్గ కంకి లేదు. కరువు మడి చూసే డాక్టర్ ఉమాపతి వరి అయితే ఏటా మొత్తం తాలే. కంకి ఉంటుంది, గింజ ఉండదు. అది కరువు మహిమో ఉమాపతి మహిమో ఇప్పటికీ తేలలేదు. తన కంకులు ఒక్కరూ అడగటం లేదని ఆయన మొదట్లో చాలా బాధపడ్డాడు.

సత్యవేణి చెయ్యనిది లేదు. మడి చుట్టూ వల కట్టింది. ప్రముఖుల రాకపోకలకు అడ్డమని తీయించేశారు. పురుగుమందు కొట్టాం, ముట్టుకోకండి అని బోర్డు పెట్టింది. సందర్శకులను భయభ్రాంతులకు గురిచేస్తున్నందుకు మెమో ఇచ్చారు. నిండు కంకి గుత్తికి పోతే పొట్టిదీ, సగం పట్టిందీ మడిలో మిగిలేది. మిగిలినదే విత్తనం, అదే మళ్ళీ నాటాలి. మంచిని ఏరి పారేసి చెడ్డని దాచుకునే పద్ధతిలో రెండు పంటలు గడిచేసరికి నలభైఒకటి నీరసించింది.

"ఇంక మా ఊరు రాదేమోనండి ఇది," అంది పల్లాలమ్మ ఒకరోజు, గుత్తికి కంకులు కోస్తూనే. కూలి ఆమెదే, కొడవలీ ఆమెదే. ఏం చేస్తుంది పాపం.

సత్యవేణి గట్టు దిగి అవతలికి వెళ్ళిపోయింది.

అప్పుడు మంత్రిగారు వచ్చారు.

మంత్రిగారికి మామూలు గుత్తి ఇస్తే బాగుండదని, మడిలో మిగిలిన నిండు కంకులన్నీ కలిపి మోపెడు గుత్తి కట్టించారు. వేదిక మీద మంత్రిగారు దాన్ని గుండెలకి ఆనించుకుని ఫోటోకి నిలబడ్డారు. ఎంత నీరసించినా నలభైఒకటి పండే రకమే గదా. గింజల బరువుకి కంకులన్నీ ఒక్కసారిగా వంగి, మంత్రిగారి రెండు మోచేతుల మీదుగా కిందికి వేలాడాయి. కొన్ని గింజలు రాలి ఆయన జేబులో, కొన్ని వేదిక మీద పడ్డాయి. మర్నాడు పేపర్లో వచ్చిన ఫోటోలో మంత్రిగారు వాడిపోయిన గడ్డిమోపు మోసుకెళుతున్నట్టున్నారు. కింద, నీరసంగా సాగిన పర్యటన అని రాశారు.

పది గంటలకల్లా పైనుంచి ఫోను. పన్నెండు గంటలకల్లా కంకుల అవనతి కారణాల అధ్యయనానికి ఉన్నతస్థాయి కమిటీ. అధ్యక్షులు పరంధామరావు గారు. సభ్యులు ఉమాపతి. ముద్దాయి అనే మాట వాడలేదు గానీ సత్యవేణిని నిలబెట్టే అడిగారు.

"కంకి ఎందుకు వంగింది?"

"గింజ పట్టింది సార్."

"ఎంత మేరకు పట్టింది?"

"నిండా పట్టింది."

"నిండా పట్టేంతవరకూ సంబంధిత అధికారిగా మీరేం చేస్తున్నారు?"

సత్యవేణి ఆయన మొహంలోకి చూసింది. వేళాకోళం ఆడుతున్నారేమో అనుకుంది. ఆడటం లేదు.

"గింజ పట్టించడమే కదా సార్ నా ఉద్యోగం."

"ఉద్యోగ నిర్వహణ అతిథుల గౌరవానికి భంగం కలిగించే రీతిలో ఉండకూడదు," అన్నారు పరంధామరావు గారు. "తలవంచిన కంకి నైరాశ్యానికి సంకేతం. రాష్ట్ర ప్రగతి పట్ల అది ఎటువంటి సందేశాన్ని పంపిస్తుందో ఆలోచించారా?"

ఉమాపతి గొంతు సవరించుకున్నాడు. "కరువు మడిలో నా కంకులు ఎప్పుడూ వంగలేదు సార్. ఏ పరిస్థితుల్లోనూ నిటారుగానే ఉంటాయి."

కమిటీ కరువు మడికి వెళ్ళి చూసింది. నిజమే. తాలు కంకులు ఒక్కొక్కటీ సైనికుడిలా నిలబడి ఉన్నాయి. గాలి వీస్తే గలగలమని చప్పుడు కూడా చేశాయి. పరంధామరావు గారు ఉమాపతి భుజం తట్టారు. ఇంతకాలం మన దృష్టి కేవలం గింజ మీదే కేంద్రీకృతమవడం వల్ల కంకిని నిర్లక్ష్యం చేశామని అన్నారు. ఆ సాయంత్రమే ఉత్తర్వు వెలువడింది: ఇకపై గుత్తులకు నిటారు కంకులను మాత్రమే వినియోగించవలెను, వంగిన కంకిని ఎట్టి పరిస్థితుల్లోనూ ముట్టరాదు.

తన జీవితమంతా తలకిందులైందనుకుంది సత్యవేణి. చౌడు మడి గట్టు మీద కూర్చుని, చుట్టుపక్కల ఎవరూ లేరని చూసుకుని, బాగా ఏడ్చింది. మంత్రిగారి గుత్తిలోంచి నేలపాలైన గింజలు ఏరి తెచ్చుకున్నవే ఆ పంటకి విత్తనమయ్యాయి. వాటితోనే మళ్ళీ మడి నాటింది. నాటకుండా ఎలా ఉండాలో ఆమెకి తెలియదు.

పంట కంకి తీసింది. ఎవరో ప్రముఖులు వస్తున్నారని గుత్తి కోసం కూలీలు దిగారు. ఉమాపతి మడిలోవి చాలక ఆమె మడిలోకీ వచ్చారు. సత్యవేణి గట్టు మీదే నిలబడి చూస్తోంది. ఉత్తర్వు ప్రకారం వాళ్ళు నిటారుగా ఉన్న కంకులే కోశారు. అంటే సగం పట్టినవి, తాలు పోయినవి, ఉప్పుకి ఓడిపోయినవి. వంగిన కంకిని ఒక్కదాన్ని కూడా ముట్టలేదు. వాళ్ళు వెళ్ళాక మడిలో మిగిలినవన్నీ నిండు కంకులే.

ఒక్క నిమిషం ఆమెకి అర్థం కాలేదు. అర్థమయ్యాక గట్టు మీద అలాగే కూలబడి, కొంగు నోట్లో కుక్కుకుని నవ్వింది. ఇన్నాళ్ళూ ఎండలో ఒంటరిగా ఒక్కొక్క కంకీ పట్టి చూసి తను చేసిన ఏరివేత పనిని, ఇప్పుడు సంస్థ మొత్తం కలిసి, వాహనాలు వేసుకొచ్చి మరీ చేసిపెడుతోంది. ఆ తరవాత ప్రముఖులు ఎంతమంది వస్తే నలభైఒకటికి అంత మంచిదయింది. బాయిలర్ల అధికారి రెండోసారి వచ్చినప్పుడు సత్యవేణి ఎదురువెళ్ళి నమస్కారం పెట్టింది.

ఈలోపు ఉమాపతి రకం కమిటీకి వచ్చింది. పేరు నిటారు. ఆరు వాతావరణాల్లోనూ పరీక్షించారు. కరువులో దిగుబడి సున్నా. వరదలో సున్నా. చౌడులో, మెట్టలో, ఫ్యాన్ల కింద చలిలో సున్నా. ఈసారి అంచనాలు వద్దని కార్ల మధ్యన కూడా నాలుగు మొక్కలు నాటి చూశారు. అక్కడా మిగతా చోట్లతో సమానంగానే పండింది.

"అద్భుతం," అన్నారు పరంధామరావు గారు. ఆయన కళ్ళు చెమర్చాయి. "సంస్థ చరిత్రలో తొలిసారిగా ఒక రకం సంపూర్ణ స్థిరత్వాన్ని కనబరిచింది. ఏ నేల పట్లా పక్షపాతం లేదు."

"సార్, అందులో గింజ లేదు," అంది సత్యవేణి.

"స్థిరత్వ నిబంధనలో గింజ ప్రస్తావన ఎక్కడుందో చూపించండి."

ఆమె చూపించలేకపోయింది. నిటారు విడుదలైంది. ఉమాపతికి శాలువా కప్పారు. నిటారుకి గింజలుండవు కాబట్టి విత్తనం ఎలా ఇస్తారన్న చిక్కు వచ్చింది గానీ, అక్కడక్కడా పొరపాటున పట్టిన గింజలు పోగుచేసి చిన్న చిన్న పొట్లాలు కట్టి తీరప్రాంత గ్రామాలకి పంచారు. చినమొగకీ ఒక పొట్లం వెళ్ళింది.

విడుదలతో పాటు ఇంకో ఉత్తర్వు కూడా పుట్టింది. నిటారు సంస్థ ప్రతిష్ఠకి ప్రతీక కాబట్టి, వంగిన కంకి ప్రాంగణంలో ఎక్కడా కనబడకూడదు. నలభైఒకటిని పంటతో సహా తొలగించాలి. గడువు పదిహేను రోజులు.

సత్యవేణి నిండు కంకులన్నీ కోయించి గోదాములో పెట్టింది. వాటిని బయటికి తీసుకెళ్ళడానికి లేదు. విడుదల కాని విత్తనం గేటు దాటకూడదు, గేటు దగ్గర సంచులు తెరిచి చూస్తారు. లోపల ఉంచడానికీ లేదు. గోదాములో నేల మీద కూర్చుని పల్లాలమ్మతో ఆ సంగతే చెబుతోంది. పల్లాలమ్మకి ఊరికే కూర్చుంటే తోచక, నాలుగు కంకులు తీసుకుని అల్లుతోంది. ఆ వైపు ఊళ్ళల్లో కోతలైనాక వరి కంకులతో కుచ్చులు అల్లి పిచ్చుకల కోసం చూరుకి కట్టడం అలవాటు. జడలా అల్లుకుంటూ పోతే కింద గింజలన్నీ గుత్తులుగా వేలాడతాయి. మూడుపాయలు వేసి బిగించి, సత్యవేణి ముందు పెట్టింది.

"మా చూరుకి కట్టుకుంటానండి. దీని గుర్తుగా ఉంటాది."

సత్యవేణి ఆ కుచ్చు వైపు చూసింది. సరిగ్గా ఆ వారమే పైనుంచి ఇంకో పిలుపు వచ్చి ఉంది. పిచ్చుకలు అంతరించిపోతున్నాయని పైవాళ్ళకి హఠాత్తుగా బెంగ పట్టుకుంది. ప్రతి సంస్థా పిచ్చుకల పక్షోత్సవాలు జరపాలి, పిచ్చుకలకి మేత పంచాలి, ఫోటోలు పంపాలి. పరంధామరావు గారు ఏం పంచాలో తోచక తల పట్టుకుని ఉన్నారు.

"పల్లాలమ్మా, ఈ కంకులన్నీ అల్లగలవా?"

"ఎన్నండి?"

"అన్నీ."

పల్లాలమ్మ గోదాము కలయజూసింది. తరవాత సత్యవేణి మొహం చూసింది. "మా ఊళ్ళో ఆడోళ్ళని పది మందిని తెచ్చుకుంటానండి," అంది.

సత్యవేణి డైరెక్టర్ గారి గదికి వెళ్ళింది. ఈసారి పరుగు లేదు.

"సార్, వంగిన కంకుల్ని ప్రాంగణం నుంచి తొలగించమన్నారు. పిచ్చుకల మేతగా అల్లించి తీరప్రాంత గ్రామాల్లో పంచితే రెండు ఉత్తర్వులూ ఒకేసారి అమలవుతాయి."

"విడుదల కాని రకం గదా, గేటు దాటవచ్చా?"

"గేటు దాటకూడనిది విత్తనం సార్. ఇది విత్తనం కాదు, మేత."

పరంధామరావు గారు ఆమె వైపు మొదటిసారి మెచ్చుకోలుగా చూశారు. "మీలో పరిపాలనా దక్షత ఉందమ్మా. ఇన్నాళ్ళూ పరిశోధనలో పడి మరుగున పడిపోయింది."

కుచ్చులన్నీ చినమొగకే వెళ్ళాయి. డైరెక్టర్ గారు స్వయంగా వెళ్ళి, ఇంటికి రెండు చొప్పున తమ చేతుల మీదుగా ఇచ్చారు. పిచ్చుక మన సంస్కృతి అన్నారు. ఒక్క గింజ కూడా వృథా కానివ్వవద్దని రైతులకి మరీ మరీ చెప్పారు.

"ఆయ్, ఒక్క గింజ కూడా పోనివ్వమండి," అని ఊరంతా మాటిచ్చింది.

మాట నిలబెట్టుకున్నారు కూడా. కుచ్చులు చూరుకి కట్టిన మాట నిజం. ఫోటోలు తీసేవరకూ అవి చూరుకే ఉన్నాయి. కారు ఊరు దాటాక దింపి గింజలు దులుపుకున్నారు. మొదటి పంటకి నాలుగు చేలల్లో నాటారు. అందులో పల్లాలమ్మ చేను ఒకటి. ఆ పంట గింజలు దాచి, మరుసటి పంటకి ఊరంతా నాటారు. పోటు మామూలుగానే వచ్చింది, ఉప్పునీరు మామూలుగానే కాలవెక్కింది. ఈసారి నారు మాడలేదు.

పంట చేతికి వచ్చే వేళకి పరంధామరావు గారికి చినమొగలో తమ నిటారు ఎలా ఉందో చూడాలన్న కోరిక పుట్టింది. ఉమాపతిని, సత్యవేణిని వెంటబెట్టుకుని జీపులో బయల్దేరారు. దారి పొడుగునా సత్యవేణికి ఒకటే బెంగ. తెలిసిపోతే తన ఉద్యోగం పోవడం సరే, చేలు దున్నించేస్తారు. మళ్ళీ ఆ గింజ ఎక్కడ దొరుకుతుంది.

ఊరి మొగలోనే జీపు ఆగింది. కనుచూపు మేర బంగారు రంగులో వరి. ప్రతి కంకీ నేల వైపు వంగి ఉంది. పరంధామరావు గారు జీపు దిగి గట్టు మీద నిలబడిపోయారు. నలభైఒకటిని తొలగించాక నిటారు కంకులు తప్ప చూడని కళ్ళు అవి. ఆయన మొహం పాలిపోయింది.

"ఉమాపతీ, మన నిటారుకి ఏమైపోయింది?"

ఉమాపతి ఒక కంకి తీసి చూశాడు. బరువుగా ఉంది. కంగారుగా వదిలేశాడు. "ఏదో పట్టింది సార్. కంకుల నిండా ఏదో పట్టేసింది. ఊరు ఊరంతా వ్యాపించింది."

"తెగులు," అన్నారు పరంధామరావు గారు. "నిటారైన కంకి వంగిందంటే తెగులు తప్ప వేరే కారణం లేదు. దీన్ని వంగుడు తెగులుగా నమోదు చెయ్యండి." తరవాత సత్యవేణి వైపు తిరిగారు. "ఏమంటారమ్మా? వంగిన కంకులతో మీకు అనుభవం ఉంది కదా."

పల్లాలమ్మ గట్టు అవతల నిలబడి ఆమెనే చూస్తోంది.

"తెగులే సార్," అంది సత్యవేణి. "ముదిరిపోయింది కూడా."

పరంధామరావు గారు ఊరివాళ్ళని పిలిచి, ఇలాంటి విపత్కర సమయంలో సంస్థ మీకు అండగా ఉంటుందని చెప్పారు. తెగులు పక్క ఊళ్ళకి పాకకముందే పంటనంతా వెంటనే కోసెయ్యాలన్నారు. కోసినదాన్ని చేలల్లో ఉంచకూడదు. నూర్చి, గింజ అనేది బయట కనబడకుండా బస్తాల్లో కట్టి, ఇళ్ళల్లో తలుపులు వేసి భద్రపరచాలి. గుండె దిటవు చేసుకోండని కూడా అన్నారు.

"ఆయ్, అలాగేనండి," అంది పల్లాలమ్మ. "మీరు చెప్పాక తప్పుద్దాండి. రేపే కోసేత్తాం."

ఊరివాళ్ళు తలలు దించుకుని నిలబడ్డారు. దుఃఖమనుకున్నారు పరంధామరావు గారు.

ఆ తరవాత సంస్థ ఆవరణలో రైతు సదస్సు జరిగింది. తీరప్రాంత గ్రామాల నుంచి జనం విరగబడి వచ్చారు. ఎప్పుడూ రానంతమంది వచ్చారు. ఉమాపతి నిటారు గురించి ప్రసంగించాడు. పరంధామరావు గారు వంగుడు తెగులు గురించి ప్రసంగించారు. చినమొగను కబళించిన మహమ్మారి అన్నారు. సందేహాలేమైనా ఉంటే అడగమన్నారు.

పెదమొగ నుంచి వచ్చిన వీర్రాజు అనే రైతు లేచి నిలబడి తువ్వాలు భుజం మీంచి తీశాడు.

"అయ్యా, చినమొగకి వచ్చిన తెగులు మా ఊరికి ఎప్పుడొత్తాదండి?"

"ఆందోళన చెందవద్దు," అన్నారు పరంధామరావు గారు ఆప్యాయంగా. "మీ గ్రామంలో అది అడుగు పెట్టకుండా చూసే బాధ్యత మా సంస్థది."

వీర్రాజు మొహం వాడిపోయింది. "అంత మాట అనకండి బాబూ. ఊరంతటికీ కాకపోతే సగం ఊరికైనా..."

వెనక వరసల్లో ఇంకో నలుగురు లేచారు. మా ఊరికీ అని ఒకరు, మా లంకకి ముందు అని ఒకరు. పరంధామరావు గారు చెయ్యెత్తి అందరినీ కూర్చోమన్నారు. జనం ఎంత భీతిల్లి ఉన్నారో చూశావా అన్నట్టు ఉమాపతి వైపు చూసి, మైకు దగ్గరికి జరిగి, ప్రాణం పోయినా ఆ తెగులును చినమొగ దాటనివ్వనని సభాముఖంగా ప్రతిజ్ఞ చేశారు. వేదిక మీదున్నవాళ్ళంతా చప్పట్లు కొట్టారు. కుర్చీల్లోంచి ఒక్క చప్పుడూ రాలేదు.

వీర్రాజు ఉసూరుమంటూ వెళ్ళి ఆఖరి బెంచీ మీద కూలబడ్డాడు. ఆ బెంచీ మీద ఒక పక్క సత్యవేణి, ఇంకో పక్క పల్లాలమ్మ కూర్చుని ఉన్నారు. పల్లాలమ్మ ఒళ్ళో నాలుగు కంకులున్నాయి. చేతులు ఊరికే ఉండక అల్లుతోంది. సత్యవేణి ఆమె వైపు చూసి చిన్నగా తలూపింది.

పల్లాలమ్మ అల్లిక ఆపకుండానే వీర్రాజు వైపు వంగి, మెల్లిగా అడిగింది.

"ఏవండీ, మీ ఊళ్ళో పిచ్చుకలున్నాయా?"